బస్సు, రైలు, సైకిల్ కలిపి వాడాలంటే: మడత సైకిల్ ఎంచుకునే పద్ధతి

"అన్నా, మడత సైకిల్ కొందామనుకుంటున్నా, ఏ కంపెనీ మంచిది?" అని అడిగే ప్రతివాళ్లనీ నేను తిరిగి ఒకటే అడుగుతాను: రోజులో ఆ సైకిల్ని చేత్తో ఎన్నిసార్లు ఎత్తాలి? చాలామంది అది ఆలోచించి ఉండరు. తొక్కడం గురించే ఆలోచిస్తారు. తొక్కడానికి ఏ సైకిలైనా పనికొస్తుంది. మడత సైకిల్ కష్టసుఖాలు తెలిసేది దిగాక, దాన్ని చేత్తో పట్టుకుని మెట్లెక్కేటప్పుడు, జనం తోసుకుంటుంటే రైలు పెట్టెలోకి అందించేటప్పుడు.

నేను నెల్లూరు హరనాథపురంలో ఉంటాను, పని కావలిలో. ఇంటి నుంచి నెల్లూరు స్టేషన్ దాకా సైకిల్, అక్కడి నుంచి రైలు, కావలిలో దిగి మళ్లీ సైకిల్. మొదట కొన్న సైకిల్ నాకు సరిపోలేదు, దాని కథ కింద చెబుతాను. ఇప్పుడున్నది రెండోది. ఒంగోలు, సింగరాయకొండ, కందుకూరు వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి మొత్తం ఒకచోట, చేయాల్సిన వరుసలో రాస్తున్నా. వరుస మార్చకండి. సైకిల్ చూడడం మధ్యలో వస్తుంది, మొదట్లో కాదు.

1. ముందు మీ దారిని కొలవండి

ఒక కాగితం తీసుకుని ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా దారిని ముక్కలుగా రాయండి. ఎక్కడ తొక్కుతారు, ఎక్కడ మడుస్తారు, ఎక్కడ ఎత్తుతారు, ఎక్కడ నెట్టుకుంటూ నడుస్తారు, ఎక్కడ పెడతారు. నా కాగితంలో తొక్కేది రెండు చోట్లే, ఎత్తేది మాత్రం ఆరు చోట్ల: ఇంటి మొదటి అంతస్తు మెట్లు, ప్లాట్‌ఫాం మారాల్సి వస్తే ఫుట్ ఓవర్ బ్రిడ్జి, పెట్టెలోకి ఎక్కడం, దిగడం, కావలిలో మళ్లీ బ్రిడ్జి, చివరికి ఆఫీసు మెట్లు. ఇది ఒక వైపుకే.

రాసేటప్పుడు ఇవి మర్చిపోవద్దు:

- రెండు వైపులా తొక్కే దూరం ఎంత. రెండూ కలిపి 3 కిలోమీటర్లా, 10 కిలోమీటర్లా అన్నదాన్ని బట్టి చక్రం సైజు మారిపోతుంది.
- మొత్తం ఎన్ని మెట్లు. నిజంగా లెక్కపెట్టండి.
- రైలు మీ స్టేషన్లో ఎంతసేపు ఆగుతుంది. ఒకటి రెండు నిమిషాలే అయితే సైకిల్ ముందే మడిచి, సంచిలో పెట్టుకుని నిలబడాలి.
- ఆఫీసులో సైకిల్ ఎక్కడ పెడతారు. బల్ల కిందా, బీరువా పక్కనా, మెట్ల కిందా. టేపుతో ఆ జాగా పొడవు, ఎత్తు, వెడల్పు కొలిచి రాసుకోండి.
- వానాకాలం దారి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వానలు ఎలా పడతాయో తెలిసిందే, గట్టి వాన పడితే నెల్లూరులో మాగుంట లేఅవుట్, రామలింగాపురం అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ రోజుల్లో చుట్టు దారి ఎంత ఎక్కువో కూడా లెక్కలో పెట్టండి.

ఈ కాగితం చూశాక కొంతమందికి అసలు మడత సైకిల్ అక్కర్లేదని తేలుతుంది. స్టేషన్ దాకానే తొక్కాలి, అవతల ఆఫీసు నడిచే దూరంలోనే ఉంది అనుకోండి, మామూలు సైకిల్ కొని స్టేషన్ స్టాండులో పెట్టుకోవడమే సుఖం. డబ్బూ మిగులుతుంది, బరువూ తప్పుతుంది. రెండు చివర్లా తొక్కాల్సిన వాళ్లకీ, ఊరు మారినప్పుడల్లా సైకిల్ వెంట కావాల్సిన వాళ్లకీ, ఇంట్లో తప్ప పెట్టే జాగా లేని వాళ్లకీ మాత్రమే దీని అవసరం.

2. రైల్లో, బస్సులో కుదురుతుందో లేదో ఇప్పుడే తేల్చుకోండి

సైకిల్ కొన్నాక ఈ విషయం తెలుసుకుంటే చాలా బాధ. కాబట్టి ముందే చెబుతున్నా.

రైల్లో ప్రయాణికుల పెట్టెలోకి వ్యక్తిగత సామానుగా తీసుకెళ్లే ట్రంకులు, సూట్‌కేసుల కొలత 100 × 60 × 25 సెంటీమీటర్లు దాటకూడదు. ఏసీ త్రీ టైర్, ఏసీ చైర్ కార్ అయితే ఇంకా తక్కువ, 55 × 45 × 22.5. మడత సైకిళ్లలో బాగా చిన్నగా మడతపడేదని పేరున్న బ్రాంప్టన్ కూడా మడిచాక 64.5 × 58.5 × 27 ఉంటుంది. అంటే చైర్ కార్ కొలతకి అదీ పట్టదు, జనరల్ పెట్టె కొలతకి కూడా మందంలో 2 సెంటీమీటర్లు ఎక్కువే. ఇక మామూలు 20 అంగుళాల మడత సైకిల్ మడిచాక దాదాపు 80 × 65 × 35 ఉంటుంది. పైగా ఉచిత లగేజి పరిమితి సైకిళ్లకు, స్కూటర్లకు వర్తించదని కూడా నిబంధన ఉంది.

మరి రోజూ ఎలా వెళ్తున్నావు అంటారా? సంచిలో పెట్టి, దారికి అడ్డం లేకుండా, జనరల్ పెట్టెలో, రద్దీ తక్కువగా ఉండే బండి చూసుకుని. సంచిలో ఉంటే అది సామానులాగే కనిపిస్తుంది, పక్కవాళ్ల బట్టలకి చైన్ నూనె అంటదు, ఎవరూ ఇబ్బంది పడరు. కానీ ఇది హక్కు కాదు, సర్దుబాటు. టీటీఈ గారు అభ్యంతరం చెబితే వాదించకండి, లగేజిగా బుక్ చేయమంటే చేయించండి. రోజూ చైర్ కార్‌లో వెళ్లే వాళ్లయితే ఈ ఆలోచన మానుకోమనే చెబుతాను.

ఆర్టీసీలో బస్సు రకాన్ని బట్టి ఉంటుంది. సూపర్ లగ్జరీ, అల్ట్రా డీలక్స్ లాంటి వాటికి డిక్కీ ఉంటే అదే మంచిది. డిక్కీలో పడుకోబెట్టేటప్పుడు గేర్ల వైపు పైకి ఉండాలి, లేకపోతే ఎవరో పెట్టిన బస్తా బరువుకి డిరైలర్ (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే భాగం) వంగిపోతుంది. పల్లెవెలుగులో తలుపు ఇరుకు, లోపల దారి ఇరుకు, 2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు మరీ కిక్కిరిసి వెళ్తున్నాయి. ఉదయం ఎనిమిదీ తొమ్మిది మధ్య నెల్లూరు ఆత్మకూరు బస్టాండులోనో ఒంగోలు బస్టాండులోనో 20 అంగుళాల సైకిల్ పట్టుకుని ఎక్కడం జరిగే పని కాదు. ఒక బస్సు ముందుగానో వెనగ్గానో వెళ్లే వీలుంటే చూసుకోండి. కండక్టరు లగేజి టికెట్ తీసుకోమంటే తీసుకోండి.

కొనకముందే ఒక పని చేయండి. సుమారు 80 × 65 × 35 కొలతలున్న అట్టపెట్టె సంపాదించి, మీరు రోజూ వెళ్లే వేళకి అదే బండిలో ఒకసారి తీసుకెళ్లండి. ఎక్కడ పట్టిందో, ఎక్కడ పట్టలేదో మీకే తెలుస్తుంది. నేను చెప్పే వంద మాటలకన్నా ఆ ఒక్క ప్రయాణం ఎక్కువ నేర్పుతుంది.

3. చక్రం సైజు

మార్కెట్లో 14, 16, 20, 24, 26 అంగుళాలవి ఉన్నాయి. రైలు, బస్సు కోసం అయితే 16, 20 మాత్రమే చూడండి.

16 అంగుళాలు చిన్నగా మడతపడుతుంది, ఎత్తడం సులువు, కానీ గుంటల్లో దడదడలాడుతుంది. తొక్కేది రెండు వైపులా కలిపి నాలుగైదు కిలోమీటర్ల లోపు, రోడ్డు బాగున్నది అయితే ఇది చాలు. 20 అంగుళాలది కాస్త పెద్ద మూట అవుతుంది కానీ మన రోడ్లకి ఓర్చుకుంటుంది. స్పీడ్ బ్రేకర్లు, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన గోతులు, సిమెంటు రోడ్డు అంచులు, వీటన్నిటి మీద రోజూ పోవాలంటే నా ఓటు 20కే.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 20 అంగుళాలు అని రాసున్నవి రెండు రకాలు: 406, 451 (టైరు కూర్చునే రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో). 16 అంగుళాల్లోనూ అంతే, 305, 349. టైరు పక్కన 47-406 లాగా చిన్న అంకెలు అచ్చు ఉంటాయి, అందులో రెండో అంకె చూడండి. 406 అయితే పిల్లల 20 అంగుళాల సైకిల్ ట్యూబు సరిపోతుంది, అది ఏ మండల కేంద్రంలో సైకిల్ షాపుకి వెళ్లినా దొరుకుతుంది. 451 లేదా 349 అయితే తెప్పించుకోవాల్సిందే, ఇంట్లో ఎప్పుడూ రెండు ట్యూబులు నిలవ పెట్టుకోవాలి. కనిగిరిలోనో ఉదయగిరిలోనో పంక్చర్ పడితే ఈ తేడా విలువ తెలుస్తుంది.

26 అంగుళాల మడత సైకిల్ గురించి ఒక మాట. ఆన్‌లైన్‌లో లావు టైర్లతో, కార్ల కంపెనీల పేర్లు అంటించి, రెండు డిస్కు బ్రేకులతో, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. నేను మొదట కొన్నది అలాంటిదే. 18 కిలోలు. మధ్యలోకి మడిస్తే రెండు చక్రాలు పక్కపక్కకి వస్తాయి అంతే, మూట మాత్రం మంచం సగం అంత ఉంటుంది. కారు డిక్కీలో వేసుకోవడానికి అది పనికొస్తుంది. రైలుకి పనికిరాదు. రెండు వారాలు మోసి, నడుము పట్టేసి, నష్టానికి అమ్మేశాను.

4. బరువు: బియ్యంతో పరీక్ష

కాగితం మీద 12 కిలోలు, 14 కిలోలు అని చదివితే ఏమీ అనిపించదు. ఇంట్లో ఉన్న బియ్యం 13 కిలోలు తూచి సంచిలో పోయండి. ఒక చేత్తో పట్టుకుని, ఇంకో భుజానికి ఆఫీసు బ్యాగు తగిలించుకుని, మీ ఇంటి మెట్లు మూడుసార్లు ఎక్కి దిగండి. చేతులు మార్చుకోకుండా చేయగలిగితే 13 కిలోల సైకిల్ మీకు సరే. లేకపోతే 11 కిలోల వైపు చూడండి, డబ్బు ఎక్కువైనా సరే. నిజానికి సైకిల్ బియ్యం సంచికన్నా కష్టం, ఎందుకంటే దాని ఆకారం ఒంటికి ఆనదు, పెడల్ మోకాలికి తగులుతుంది.

సాధారణంగా 20 అంగుళాలవి 11 నుంచి 14 కిలోల మధ్య ఉంటాయి. కంపెనీ చెప్పే బరువులో మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు కలిపారో లేదో అడగండి. అవన్నీ చేరితే కిలో, కిలోన్నర పెరుగుతుంది. వీలుంటే షాపులోనే వేలాడదీసే చిన్న లగేజి త్రాసుతో తూచండి.

మోటారున్న మడత సైకిళ్లు సుమారు 18 నుంచి 22 కిలోలు ఉంటాయి. 250 వాట్ల లోపు మోటారు, గంటకి 25 కిలోమీటర్ల లోపు వేగం అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు కాబట్టి చాలామంది మొగ్గుతున్నారు. మెట్లు లేని దారి అయితే సరే. మెట్లున్న చోట వద్దు.

బరువు కన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది: మడిచాక అది దొర్లుతుందా? కొన్ని సైకిళ్లు మడిచిన తర్వాత కూడా సీటు పట్టుకుని నెడితే చక్రాల మీద కదులుతాయి. కొన్ని కదలవు, ప్లాట్‌ఫాం మొత్తం మోయాల్సిందే. నెల్లూరు స్టేషన్లో గేటు దగ్గర నుంచి చివరి జనరల్ పెట్టె దాకా ఒకసారి నడిచి చూడండి, దొర్లే సైకిల్‌కి ఎందుకు డబ్బు ఎక్కువ పెట్టాలో అర్థమవుతుంది.

5. మడత కీలు, లివర్లు: అసలు చూడాల్సింది ఇక్కడ

మామూలు సైకిల్లో ఫ్రేము ఒకే ముక్క. మడత సైకిల్లో ఫ్రేము మధ్యలో ఒక కీలు, హ్యాండిల్ కింద ఇంకో కీలు ఉంటాయి, సీటు రాడ్డు పొడుగ్గా బయటికి వచ్చి ఉంటుంది. మీ బరువంతా ఈ మూడు చోట్ల మీద పడుతుంది. ఇక్కడ లోపం ఉంటే రంగు, గేర్లు ఎంత బాగున్నా లాభం లేదు. అందుకే ఈ భాగం నిదానంగా చదవండి.

ఫ్రేము కీలు. లివర్ మూసేటప్పుడు సగం దూరం నుంచి గట్టిదనం మొదలవ్వాలి, చివర్లో అరచేత్తో నొక్కితే గానీ పడకూడదు. ఒక వేలితో పడిపోతుందంటే వదులు. రెండు చేతులూ కావాలంటే మరీ బిగుతు, అలా వాడితే లివర్ విరుగుతుంది. మూశాక దానంతట అది తెరుచుకోకుండా ఇంకో చిన్న గొళ్లెం ఉండాలి. అది లేని సైకిల్ కొనకండి. ఇందులో రాజీ లేదు.

ఊగుడు పరీక్ష. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్ని ముందుకీ వెనక్కీ కుదపండి. ఇంకొకరిని ఫ్రేము కీలు అతుకు మీద వేలు పెట్టమనండి. రెండు ముక్కల మధ్య కదలిక వేలికి తెలిస్తే వద్దు. అలాగే హ్యాండిల్ కీలు దగ్గర కూడా. హ్యాండిల్ పోస్టు పొడుగ్గా ఉంటుంది కాబట్టి కొంచెం సాగినట్టు ఊగుతుంది, అది మామూలే. కీలు దగ్గర టక్కుటక్కుమంటే మాత్రం అది ఊగడం కాదు, వదులు.

సీటు రాడ్డు. దాని మీద ఇంతకు మించి పైకి లాగవద్దని ఒక గీత ఉంటుంది. మీ ఎత్తుకి సీటు పెట్టినప్పుడు ఆ గీత ఫ్రేము లోపలే ఉండాలి. బయటికి కనబడితే ఆ సైకిల్ మీ ఎత్తుకి చాలదు.

మడిచే వరుస సైకిల్‌ని బట్టి కొంచెం మారుతుంది కానీ ఎక్కువ వాటికి ఇలా ఉంటుంది:

1) గేరుని వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదకి తెచ్చుకోండి, అప్పుడు డిరైలర్ లోపలికి ఒదుగుతుంది.
2) పెడళ్లు మడవండి.
3) సీటు కిందికి దించండి.
4) ఫ్రేము లివర్ తీసి మడవండి, రెండు చక్రాలు పక్కపక్కకి వస్తాయి. అయస్కాంతం ఉంటే అతుక్కుంటుంది.
5) హ్యాండిల్ దించండి. కొన్నింట్లో ఇది చక్రాల మధ్యలోకి పోతుంది, అలాంటి వాటిలో ఫ్రేము కన్నా ముందే హ్యాండిల్ దించాలి. కొన్నింట్లో బయటి వైపు ఉంటుంది.

షాపులో సేల్స్ వాళ్లు మడిచి చూపిస్తే చాలదు. మీరు ఐదుసార్లు మడిచి, ఐదుసార్లు విప్పండి. ఐదోసారికి అర నిమిషంలో అవ్వాలి. మడిచిన మూటని ఎత్తినప్పుడు మధ్యలో విడిపోతోందా చూడండి. అయస్కాంతం బలహీనంగా ఉంటే ఎత్తగానే విప్పుకుంటుంది, పాత ట్యూబు ముక్కతో కట్టుకోవడం దానికి చవకైన మందు.

6. గేర్లు, బ్రేకులు, గాలి

నెల్లూరు, ఒంగోలు చదునైన ఊళ్లు. పెన్నా వంతెన, ఫ్లైఓవర్లు, సాయంత్రం ఎదురుగాలి తప్ప ఎక్కుడు లేదు. ఒకే గేరున్నదైనా నడుస్తుంది, 6 లేదా 7 గేర్లుంటే హాయి, అంతకు మించి అవసరం లేదు. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్లకి మాత్రం గేర్లు ఉండాలి.

చిన్న చక్రం కదా, ఎంత తొక్కినా ముందుకు పోదేమో అని భయపడతారు. అది చక్రం ఒక్కదాని మీదే కాదు, పళ్ల లెక్క మీద కూడా ఆధారపడుతుంది. ముందు 46 పళ్లు, వెనక 16 పళ్లు ఉన్న 20 అంగుళాల సైకిల్‌ని పెడల్ ఒక చుట్టు తిప్పితే సుమారు నాలుగున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి 16 కిలోమీటర్లు. ఊళ్లో అది చాలు. ముందు 38, వెనక 18 అయితే అదే తొక్కుడుకి 12 దగ్గర ఆగిపోతుంది, కాళ్లు గిరగిరా తిరుగుతాయి గానీ బండి పోదు. చవక మడత సైకిళ్లలో ఎక్కువగా ఉండే లోపం ఇదే, కాబట్టి పళ్లు లెక్కపెట్టండి.

బ్రేకులు వి-బ్రేకులే (చక్రం అంచుని రబ్బర్లతో పట్టే రకం) తీసుకోండి. రబ్బర్లు ఎక్కడైనా దొరుకుతాయి. డిస్కు బ్రేకు మంచిదే కానీ రైల్లో ఎవరి ట్రంకు పెట్టో తగిలి ఆ పలుచటి రేకు వంగితే రోజంతా చర్‌చర్‌మంటూ రాసుకుంటుంది.

వాల్వ్ మోటార్ సైకిల్‌ది లాంటిది అయితే పెట్రోలు బంకులో గాలి పట్టించుకోవచ్చు. చిన్న ట్యూబు కాబట్టి కొంచెం కొంచెంగా పట్టాలి, ఒక్కసారి వదిలితే పగిలిపోతుంది. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే రాసుంటుంది, దాన్ని మించొద్దు. సన్నటి వాల్వ్ అయితే చిన్న ఇత్తడి అడాప్టర్ కొని తాళంచెవి గుత్తికి తగిలించుకోండి.

7. ముళ్లు, ఉప్పుగాలి, ఎండ

మన నెల్లూరు, ఒంగోలు వైపు సైకిల్‌కి మొదటి శత్రువు సర్కారు తుమ్మ. రోడ్డు పక్కన కొట్టిన కంప ఎండి, ముళ్లు తారు మీదకి వస్తాయి. దానికి తోడు పల్లేరుకాయలు. చిన్న టైరు పలుచగా ఉంటే వారానికి ఒక పంక్చర్ ఖాయం. లోపల రక్షణ పొర ఉన్న టైర్లు వేయించుకోండి, లేదా ట్యూబులో సీలెంట్ ద్రవం పోయించండి. నేను రెండూ చేశాను. బరువు కొంచెం పెరిగింది, అయినా రైలు తప్పిపోతుందేమోనన్న టెన్షన్ పోయింది.

సైకిల్ వెనక చక్రం విప్పడం కూడా కొనే ముందే చూడండి. నట్లు ఉంటే 15 నంబరు స్పానర్ బ్యాగులో ఉండాలి. ఈ చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకుంటే రోడ్డు మీద ఇబ్బంది ఉండదు.

సముద్రానికి దగ్గరగా, అంటే కోట, అల్లూరు, కొత్తపట్నం లాంటి చోట్ల ఉండేవాళ్లు అల్యూమినియం ఫ్రేము తీసుకోండి. ఉప్పుగాలికి ఫ్రేము సంగతి ఎలా ఉన్నా చైన్, బోల్టులు, కీలు పిన్ను తుప్పు పడతాయి. వారానికోసారి పొడిగుడ్డతో తుడిచి చైన్‌కి నూనె, నెలకోసారి కీలు పిన్నుకి కొంచెం గ్రీజు. లివర్ బిగుసుకునే ముఖాల మీద మాత్రం గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి గరగరలాడుతుంది.

ఎండాకాలంలో పూర్తిగా గాలి పట్టిన టైర్లతో సైకిల్‌ని మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేయకండి. మడిచి లోపల పెట్టుకునే అవకాశం మీకు ఉంది కదా, వాడుకోండి.

8. మీ ఒంటికి, బట్టలకి సరిపోతుందా

సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కింద ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. అదే సరైన ఎత్తు. మోకాలు వంగే ఉంటే నెలలో నొప్పి మొదలవుతుంది. మీ బరువు, బ్యాగు బరువు కలిపి కంపెనీ చెప్పిన పరిమితికి లోపలే ఉండాలి, అది సాధారణంగా 100 నుంచి 110 కిలోల మధ్య ఉంటుంది.

చీర, చుడీదార్ కట్టుకునే అక్కచెల్లెళ్లకి ఇది నిజంగా అనుకూలమైన సైకిల్, ఫ్రేము కిందికి ఉంటుంది కాబట్టి కాలు వెనక్కి తిప్పి ఎక్కక్కర్లేదు. చైన్ మీద గార్డు ఉన్నదే తీసుకోండి, చున్నీ, కుచ్చెళ్లు వెనక చక్రంలో పడకుండా వల వేయించుకోండి. క్యారియర్ మీద బ్యాగు పెట్టి తొక్కినప్పుడు మడమ బ్యాగుకి కొట్టుకుంటోందా చూడండి. చిన్న సైకిల్ కాబట్టి ఇది తరచూ జరుగుతుంది.

9. డబ్బు, కొనే చోటు

డెకాథ్లాన్ వాళ్ల బీట్విన్ ఫోల్డ్ రకాలు, డాహన్, టెర్న్ లాంటివి 20 అంగుళాల మడతలో చూడదగ్గవి. బ్రాంప్టన్ 16 అంగుళాలది, ధర లక్ష దాటుతుంది. ఏ కంపెనీ అయినా సరే, చూడకుండా కొనకండి. మన దగ్గర మడత సైకిళ్లు చేత్తో పట్టుకుని చూసే షాపులు తక్కువ. అందుకే చెన్నై వెళ్లి చూడండి, నెల్లూరుకి 175 కిలోమీటర్ల చిల్లర, పొద్దున రైలెక్కి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఒక ఆదివారం, ఒక టికెట్ ఖర్చు, నేను పోగొట్టుకున్న వేల కన్నా తక్కువే.

సైకిల్ ధర ఒక్కటే బడ్జెట్ కాదు. హెల్మెట్, వెనక ఎర్ర లైటు, ముందు లైటు, తాళం, పంపు, రెండు ట్యూబులు, సంచి, వీటికి విడిగా తీసి పెట్టండి. సంచి మాత్రం కొనకండి, రెక్సిన్ కుట్టే వాళ్ల దగ్గర మీ కొలతలకి కుట్టించుకోండి. అడుగున రెండు పొరలు, భుజానికి వెడల్పాటి పట్టీ, పైన సీటు బయటికి వచ్చేలా కంత. దాని గుండా సీటు పట్టుకుని ఎత్తితే చేతికి సుఖం.

పాతది కొంటుంటే ఫ్రేము కీలు చుట్టూ వెల్డింగు దగ్గర గోరుతో గీరి చూడండి. రంగులో వెంట్రుక లాంటి గీత కనిపిస్తే అది పగులు కావచ్చు, ఎంత చవకైనా వదిలేయండి.

షాపుకి తీసుకెళ్లాల్సినవి:

- దారి రాసిన కాగితం, ఆఫీసు జాగా కొలతలు
- టేపు, లగేజి త్రాసు
- రోజూ మోసే ఆఫీసు బ్యాగు, లోపల బరువుతో సహా
- రోజూ వేసుకునే చెప్పులు లేదా బూట్లు

తొక్కి చూడడం కనీసం పదిహేను నిమిషాలు. ఒక స్పీడ్ బ్రేకర్, ఒక మలుపు, ఒక గట్టి బ్రేకు. ఒక చేయి తీసి సైగ చేసి చూడండి, చిన్న చక్రాల హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, మొదటి రోజు కొంచెం బెదురుగానే ఉంటుంది.

10. కొన్నాక మొదటి రెండు వారాలు

మొదటి వారం రైలు వద్దు. పొద్దున్నే స్టేషన్ దాకా వెళ్లి, మడిచి, విప్పి, తిరిగి ఇంటికి రండి. రెండో వారం రద్దీ లేని బండిలో ఒక స్టేషన్ దూరం, నెల్లూరు నుంచి పడుగుపాడు దాకానో, ఒంగోలు నుంచి సూరారెడ్డిపాళెం దాకానో వెళ్లి రండి. ఆ తర్వాతే ఆఫీసు.

కొత్తలో కీళ్లు సర్దుకుంటాయి, లివర్లు వదులవుతాయి. పది రోజులకి ఒకసారి బిగింపు చూడండి. లివర్ పక్కన సర్దుబాటు నట్టు ఉంటుంది, పావు చుట్టు బిగించి మళ్లీ మూసి చూడాలి, ఒక్కసారే ఎక్కువ తిప్పొద్దు.

ప్రతిరోజూ ఎక్కే ముందు, పది సెకన్ల పని:

- ఫ్రేము లివర్, దాని గొళ్లెం పడ్డాయా
- హ్యాండిల్ లివర్ పడిందా
- సీటు బిగిసిందా, గీత లోపలే ఉందా
- బ్రేకులు రెండూ పట్టుతున్నాయా
- టైరు బొటనవేలికి గట్టిగా తగులుతోందా

11. ఎక్కువగా వచ్చే తిప్పలు, వాటికి మందు

తొక్కేటప్పుడు కిర్రుకిర్రుమనే చప్పుడు: తొంభై శాతం మంది పెడల్ అనుకుంటారు, చాలాసార్లు సీటు రాడ్డు. బయటికి తీసి, తుడిచి, పెట్టి, బిగించండి. అప్పటికీ పోకపోతే కీలు ముఖాలు తుడవండి.

సీటు మెల్లగా కిందికి జారుతుంది: రాడ్డుకి నూనె అంటి ఉంటుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టండి. సరైన ఎత్తు దగ్గర రాడ్డు మీద రంగు టేపు చుట్టుకుంటే రోజూ వెతుక్కునే పని ఉండదు.

మడిచి విప్పాక గేర్లు తప్పుతున్నాయి: కేబుల్ కీలు మధ్య నలుగుతోంది. మడిచేటప్పుడు కేబుళ్లన్నీ ఒకే వైపు వంగేలా చేత్తో సర్దండి, నలిగిన తొడుగు మార్పించండి.

చైన్ ఊడుతుంది: మడిచేటప్పుడు పెడల్‌ని వెనక్కి తిప్పుతున్నారు. ముందు పెడల్ ఏ చోట ఉండాలో గుర్తుపెట్టుకుని, అక్కడ ఆపాకే మడవండి.

రైల్లో పక్కవాళ్లు విసుక్కుంటున్నారు: తలుపు దగ్గర పెట్టకండి, అక్కడే గొడవంతా. రెండు సీట్ల వరుసల వెనక భాగాల మధ్యనో, సీటు కిందనో పట్టే చోటు ముందే కొలిచి పెట్టుకోండి. పట్టకపోతే నిలబెట్టి, మీ మోకాళ్ల మధ్య పట్టుకుని కూర్చోండి. దిగే స్టేషన్‌కి ఒక స్టేషన్ ముందే లేచి, "కొంచెం జరుగుతారా అన్నా" అని అడుగుతూ తలుపు దాకా వెళ్లండి. రోజూ అదే బండి ఎక్కితే మూడో వారానికల్లా వాళ్లే సంచి ఇంకో కొస పట్టుకుని దించుతారు.